నీలిగుడ్డ వెళ్ళిన దారి

శ్రీనాథ మహాకవి తన ‘హరవిలాస’ కావ్యాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. సింహళం నుండి ఏనుగులు, హురుమంజి నుండి గుర్రాలు, చీనా నుండి పట్టుబట్టలు ఓడలపై తెప్పించిన ఆ వర్తకుల వైభవాన్ని అవతారికలో వర్ణించాడు. వచ్చిన సరకును గురించి కవులు చెప్పారు. మన తీరం నుండి వెళ్ళిన సరకు ఎవరి చేత పడిందో, దానిని ఇచ్చి ఎవరు ఏమి కొన్నారో కావ్యాలలో కనిపించదు. అది చరిత్ర చెప్పవలసిన కథ.

నెల్లూరు సీమకు ఐరోపా వర్తకులను రప్పించినది బట్ట. ప్రళయకావేరి ఒడ్డున పులికాట్‌లో డచ్చివారు 1613లో కోట కట్టారు. ఇంగ్లీషువారు 1626లో దుగరాజపట్నంలో వర్తకస్థానం ఏర్పరచుకున్నారు. ఇంటింటా స్త్రీలు నూలు వడికేవారు, సాలెలు నేసేవారు, అద్దకపువారు నీలిమందు కుండీలలో ముంచేవారు. కుండీలో నుండి తీసినప్పుడు పచ్చగా కనిపించే గుడ్డ గాలి సోకగానే నీలమవుతుంది. నెల్లూరు నీలిగుడ్డలను ఐరోపావారు సాలెంపూరులు అన్నారు. అవి వెస్టిండీస్ దీవులకు పోయి, చెరకు తోటలలో పనిచేసే బానిసలకు కట్టుబట్టలయ్యాయి.

కోరమాండల్ తీరపు బట్ట అంతకంటె ఘోరమైన పనికీ ఉపయోగపడింది. అది మనిషికి వెల అయింది. ఐరోపా ఓడలు ఆఫ్రికా తీరంలో బట్టలు, ఇనుము, తుపాకులు, సారా ఇచ్చి మనుషులను కొన్నాయి. 16వ శతాబ్దం మొదలు 19వ శతాబ్దం వరకు సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలెక్కించారు. వారిలో సుమారు 18 లక్షల మంది అవతలి ఒడ్డు చేరలేదు.

ఈ వర్తకంలో లాభించినవారందరూ పురుషులే అనుకుంటాము. అది నిజం కాదు. సెనెగల్ నది సముద్రంలో కలిసే చోట సెయింట్ లూయీ, దక్షిణాన గోరీ ద్వీపం ఫ్రెంచివారి స్థావరాలు. 18వ శతాబ్దంలో అక్కడ ‘సిన్యార్లు’ అనే స్త్రీవర్తకులు ఉండేవారు. పోర్చుగీసు ‘సెన్యోరా’యే ఈ మాటకు మూలం; మన ‘దొరసాని’ వంటి గౌరవవాచకం. వీరిలో పెక్కుమంది ఆఫ్రికా తల్లులకు, ఐరోపా తండ్రులకు జన్మించినవారు. కంపెనీ ఉద్యోగులు సొంత వ్యాపారం చేయరాదని నియమం. ఆ ఉద్యోగులను స్థానికాచారం ప్రకారం పెండ్లాడిన సిన్యార్ల ద్వారా ఆ వ్యాపారం సాగేది. భర్త స్వదేశానికి వెళ్ళిపోతే ఇల్లూ సరకూ భార్యకూ బిడ్డలకూ మిగిలేవి. వారి ఆస్తిలో బానిసలు కూడా లెక్కే. ఆ బానిసలను నదిపై పడవలు నడపడానికి అద్దెకిచ్చి, కూలి సిన్యార్లే తీసుకునేవారు.

ఆ నదీతీరంలో నాణెంగా చెలామణి అయినది కోరమాండల్ నీలిగుడ్డే. ఫ్రెంచివారు దానిని ‘గినీ’ అన్నారు. తుమ్మబంక ధరను గినీ తానులలోనే లెక్కగట్టేవారు. ఐరోపాలో నేసిన నకలు గుడ్డను వాసన చూసి, చేత తడిమి తిరస్కరించేవారట! మన అద్దకపువారి పనితనానికి ఇంతకంటె గొప్ప కితాబు లేదు. కాని ఆ కితాబును ఆనందంగా స్వీకరించడానికి మనసొప్పదు.

గోరీలో ఆన్ పెపిన్ పేరుపొందిన సిన్యార్. ఆమె 1837లో మరణించింది. ఆమె మేనకోడలు ఆన్నా కొలాస్ పెపిన్ ఇల్లు నేడు ‘బానిసల ఇల్లు’ అనే ప్రదర్శనశాల. ఇంకా దక్షిణాన కషేవు రేవులో 17వ శతాబ్దంలోనే బిబియానా వాజ్ అనే వర్తకురాలు ఉండేది. తన వ్యాపారానికి అడ్డువచ్చిన పోర్చుగీసు అధికారిని 1684లో పట్టి, ఏడాదికి పైగా తన ఇంటనే బంధించిన ధీర ఆమె. ఆ ధైర్యం ఎవరి విముక్తికీ ఉపయోగపడలేదు. స్త్రీ గనుక జాలి ఉండి తీరుతుందన్న మన ఊహను ఇటువంటి జీవితాలు నిలువనీయవు. రాట్నం ముందు కూర్చున్న నెల్లూరు స్త్రీ గోరీ పేరైనా వినలేదు. ఆ నూలు వెల మాత్రం అక్కడ తేలింది.

ఫ్రాన్సు 1848లో బానిసత్వాన్ని రద్దుచేసి, యజమానులకు పరిహారం చెల్లించింది. పుచ్చుకున్నవారిలో సిన్యార్లు కూడా ఉన్నారు. విముక్తులకు ఏమీ ముట్టలేదు. బ్రిటిషు దీవులలో 1834లోనే రద్దు అమలులోకి వచ్చింది. ఆ తరువాత సాలెంపూరులకు గిరాకీ సన్నగిల్లింది. మరోవైపు ఇంగ్లండు మరగుడ్డ వచ్చి పడింది. తోటలలో బానిసల సంకెళ్ళు తెగిన వార్త, ఎవరికోసం నేస్తున్నదీ తెలియని నెల్లూరు సాలెలకు పని తగ్గిన రూపంలో చేరింది.