అన్ని గొంతులకూ ఒక్క రివర్బ్



సూరత్‌లోని భేస్తాన్ నుంచి వచ్చిన బతుకమ్మ పాటను ఇంటిల్లిపాదీ విన్నాం. మగ్గం పని కోసం తెలంగాణ నుంచి సూరత్ చేరిన పద్మశాలి కుటుంబాలు అక్కడా బతుకమ్మ ఆడతాయి. ఆ పాట ఇంట్లోని కంప్యూటర్‌లో మిక్స్ కావడం ముచ్చటే. గొంతులకు వంక లేదు. కానీ ముందు పాడే ఆమె పెద్ద హాల్లో, వంత పాడేవాళ్లు ఇరుకు గదిలో, చప్పట్లు ఇంకెక్కడో ఉన్నాయి. ట్రాకుకో రివర్బ్, అంటే కృత్రిమ గది మోత, తగిలిస్తే అంతే మరి!

ఈ మోతకు ఒకప్పుడు నిజమైన గదినే వాడేవారు. 1947లో షికాగో ఇంజనీర్ బిల్ పట్నం, హార్మోనికాట్స్ బృందం వాయించిన ‘పెగ్ ఓ మై హార్ట్’ కోసం స్నానాలగదిని ప్రతిధ్వని గదిగా వాడుకున్నాడు. అలాంటి గదిలో ఒక స్పీకరు, ఒక మైకు ఉంటాయి. పాటలో కొంత స్పీకరుకు వెళ్తుంది, అదే సెండ్. గది మోత మైకులోంచి తిరిగొస్తుంది, అదే రిటర్న్. 1957లో జర్మనీ కంపెనీ ఇఎమ్‌టి గదికి బదులు ఉక్కు రేకుతో ‘140’ ప్లేట్ తెచ్చింది. బరువు పావు టన్నుకు పైనే. ట్రాకుకొకటి ఎవరు కొంటారు? అన్ని ట్రాకులనూ ఒక్కదానికే పంపేవారు. కంప్యూటర్‌లో ఎన్ని పెట్టినా ఖర్చు లేకపోవడంతో ఆ పొదుపు పోయింది, దాంతో పాటలోని ఒద్దికా పోయింది.

రీపర్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త ట్రాకు తీసి రివర్బ్ దానిమీదే పెట్టి, మిగతా ట్రాకుల నుంచి దానికి సెండ్‌లు పంపాలి. అందులో వెట్ (మోత) పూర్తిగా, డ్రై (అసలు గొంతు) సున్నా. డ్రై మిగిలితే అసలు గొంతు రెండు దారుల్లో వచ్చి కలుస్తుంది. రెండూ సమానమైతే 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇక నూలు అద్దకంలోలాగే రంగు తొట్టి ఒకటే, ఏ చిలప ఎంత మునగాలన్నదే లెక్క. ముందు పాడే గొంతుకు సెండ్ తక్కువ, వంతకు ఎక్కువ. అప్పుడు ఆమె ముందుకొస్తుంది, వాళ్లు వెనక్కి జరుగుతారు.

సెండ్‌లో తికమక పెట్టేది ప్రీ-ఫేడర్, పోస్ట్-ఫేడర్ తేడా: ట్రాకు శబ్దాన్ని పెంచి దించే మీట (ఫేడర్) కంటే ముందు పంపడమా, తర్వాతా అన్నది. పోస్ట్‌లో ఫేడర్ దించితే రివర్బ్ కూడా దిగుతుంది. మిక్స్‌కు అదే కావాలి. ప్రీలో ఫేడర్ పూర్తిగా దించితే గొంతు పోయి గది మోత మాత్రమే మిగులుతుంది. పాడేవాళ్ల హెడ్‌ఫోన్లకు మాత్రం ప్రీయే మేలు. మిక్స్‌లో ఫేడర్లు ఎంత జరిపినా వాళ్లకు వినిపించేది మారదు.

పవర్‌లూమ్‌ల రొద తలుపులు మూసినా మైకులో పడుతుంది, రివర్బ్ దాన్ని సాగదీస్తుంది. రివర్బ్‌కు ముందు ఈక్యూ (ఈక్వలైజర్) పెట్టి 600 హెర్ట్జ్ కిందిదీ, 10,000 హెర్ట్జ్ పైదీ తగ్గించే పద్ధతి అబ్బీ రోడ్ స్టూడియో పేరుతో ప్రసిద్ధి. ఈ కోత రివర్బ్ ట్రాకులోనే కాబట్టి అసలు గొంతు నిండుతనం చెడదు. అసలు ట్రాకులోని రొద మాత్రం అలాగే ఉంటుంది. పాట లేని చోట్ల ట్రాకును కత్తిరించుకోవడమే.

ఎకో కావాలంటే రెండో రిటర్న్ తీసి, ఎకో ఆలస్యాన్ని తాళానికి కుదిర్చితే సరి. నిమిషానికి 90 చప్పట్లు పడే పాటైతే 60,000ను 90తో భాగించాలి, దాదాపు 667 మిల్లీసెకన్లు. అందులో సగం పెట్టినా తాళంలోనే పడుతుంది.

కొత్త మిక్స్ వేవ్ ఫైలుగా రావాలి. బాగా కుదించిన ఫైలులో ముందు పాడయ్యేది రివర్బ్ తోకే.

ఇట్లు,
మేనమామ