ఒల్లనివాడు

సిద్దిపేట,
ఆదివారం రాత్రి

చిన్నోడా, పెద్దబాపు దీవెనలు.

మొన్న పెండ్లి బంతిల మన చుట్టపాయన నీ విస్తరి ముందు నిలబడి, పని చేయనోడు తినొద్దని పౌలే రాసిండు గదరా అని నవ్విండు. నువ్వు సగం బువ్వల లేచి చెయ్యి కడుక్కున్నవు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. అప్పుడే అనాల్సిన మాట ఇప్పుడు రాస్తున్న.

థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక, మూడో అధ్యాయం, పదో వచనం నువ్వే తీసి చూడు. మన తెలుగు బైబిల్ల ఉన్నది 'చేయని' కాదు, 'చేయనొల్లని'. చిన్నప్పుడు నేను గటక గిన్నె పక్కకు నూకితే మా నాయనమ్మ "ఒల్లవా?" అనేది. ముంగట ఉన్నా వద్దనుడే ఒల్లకపోవుడు. ప్రభువు దినం వచ్చేసిందని ఆ సంఘంల కొందరు కలవరపడుతున్నరు, కొందరేమో పని మాని పరుల ముచ్చట్లల్ల పడ్డరు. పౌలు కోపం వాళ్ల మీద. మూడేండ్లుగా గ్రూప్స్ రాస్తూ కొలువు దొరకనోని మీద కాదు.

అన్న మనిషి కూడా ఊరికే కూర్చొని అనలేదు. కొరింథుల అకుల, ప్రిస్కిల్ల ఇంట్ల ఉండి డేరాలు కుట్టిండు. ఎఫెసు పెద్దలకు ఆఖరిసారి వీడ్కోలు చెప్తూ తన చేతులనే సాక్ష్యం పెట్టిండు. మన చుట్టపాయన చేతిల మాత్రం లడ్డు ఉండె.

మెదక్ గుడి సంగతి నీకు తెలుసు. 2016 దాకా మనది ఆ జిల్లానే. కరువు రోజులల్ల మిషనరీ పాస్నెట్ దొర 1914ల పని మొదలుపెట్టిస్తే, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. పని చేసినోళ్లకు తిండి దొరికింది. మీ ముత్తాత అక్కడ రాయి మోసిండని మా నాయన చెప్పేటోడు. వాళ్లు పని ఒల్లనోళ్లు కాదు, పని లేనోళ్లు. దొర వాళ్లకు వచనం అప్పజెప్పి ఊకోలేదు, పని పెట్టిండు. 175 అడుగుల గంటగోపురం చూసినప్పుడల్లా నాకు యాదికొచ్చేది ఇదే.

అట్లని నిన్ను ఊరికే వదల. పోయిన నెల నీ గదికొస్తే పొద్దున పదకొండైనా దుప్పటి మడవలేదు. పుస్తకంల పెట్టిన బస్సు టికెట్ దసరా నాటిది, ఆ పేజీ దాటలేదు. ఫోన్ మాత్రం వేడిగ ఉంది. బిడ్డా, ఇది ఒల్లకపోవుడుకు దగ్గరి చుట్టరికమే.

మన ఎదురింటి తాత గొల్లభామ చీర నేస్తుంటే గుంత మగ్గం పక్కన గంటలకు గంటలు కూర్చునేటోడివి. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ చిన్న బొమ్మ కోసం, పడుగుల పోగులు లెక్కబెట్టి, రంగు పోగును వేళ్లతో ఎక్కిస్తడు. ఒక్కటి తప్పినా బొమ్మ వంకర. అప్పుడు ఎవ్వరూ అడగకముందే విప్పి మళ్ల మొదటికొస్తడు. ఆయన ఏనాడూ మన గుడికి రాలేదు. కానీ ఏ పనైనా మనుషుల కోసం కాదు, ప్రభువు కోసమన్నట్టు మనసు పెట్టి చేయమని కొలొస్సయులకు రాసిన మాట నాకు ఆ మగ్గం కాడనే అర్థమైంది. ఆ మాట దాసులకు రాసింది, అది మాత్రం నాకు ఇప్పటికీ కలుక్కుమంటది. వెంటనే యజమానులను కూడా న్యాయంగ ఉండమన్నడు గనుక కొంత ఊరట.

రోజుకు పది పేజీలు చాలు, కానీ తప్పిన పేజీని విప్పి మళ్ల నెయ్యి. ఆదివారం పుస్తకం ముట్టకు. ఆరు దినాలు పని చేయమన్న ఆజ్ఞలనే ఏడో దినం ఆగమని ఉంది.

శనివారం రా. రామాయంపేట మీదికెళ్లి మెదక్ పోదాం. పెద్దమ్మ సర్వపిండి కట్టిస్తనంటుంది. ఆ చుట్టపాయనకు రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలేదు. రేపు మళ్ల చేస్త.

మీ పెద్దబాపు