శొంఠి అడిగితే అల్లం ఇచ్చే ఊరిలో జలుబు రోజులు

జలుబును కోస్తా జిల్లాలవారు రొంప అంటారు. తెలంగాణలో సర్ది, పడిశం అన్న మాటలు వినిపిస్తాయి. బెంగళూరులో దాని పేరు నెగడి. తెలుగులో నెగడు అంటే చలిమంట గనుక, కొత్తగా వచ్చినవారు ఆ మాట విని కొంత తికమకపడడం సహజం. సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ నగరంలో జూన్ నుండి అక్టోబరు దాకా వానలు, ముసురు. ఆ వెంటనే డిసెంబరు, జనవరి చలి. నెల్లూరు, ఖమ్మం ఎండలకు అలవాటుపడిన శరీరానికి మొదటి ఏడాది ఇక్కడ ఒకటి రెండు జలుబులు తప్పకపోవచ్చు. సొంత ఊరిలోనైతే అమ్మమ్మో, పొరుగింటి పెద్దమ్మో కషాయం కాచి ఇస్తారు. ఇక్కడ ఒంటిగదిలోనో, పీజీ వసతిలోనో, కట్టడపు పనివారి షెడ్డులోనో ఉండేవారికి ఆ చేయి దగ్గర లేదు. ఇంటి వైద్యంలో ఏది ఎంతవరకు పనికి వస్తుందో, ఏది హాని చేస్తుందో ఎవరికి వారే తెలుసుకోవలసి వస్తుంది.

ముందుగా అంగడి మాటలు. తెలుగువారికి శొంఠి అంటే ఎండిన అల్లం. కన్నడంలో శుంఠి అనే మాట రెండింటికీ చెల్లుతుంది. ఉత్తినే అడిగితే సాధారణంగా పచ్చి అల్లమే చేతిలో పెడతారు. అందుచేత శొంఠి కావలసినవారు ‘ఒణ శుంఠి’ అని, అల్లం కావలసినవారు ‘హసి శుంఠి’ అని అడగాలి. మిరియాలకు ‘కాళు మెణసు’ అనాలి. ‘మెణసినకాయి’ అంటే మిరపకాయ. తేనెను ‘జేనుతుప్ప’ అంటారు, అందులోని ‘తుప్ప’ ఒక్కటే అంటే నెయ్యి వస్తుంది. పసుపు అరిశిన, ధనియాలు కొత్తంబరి బీజ, జీలకర్ర జీరిగె, వాము ఓమ. కుండీలలో మందపు ఆకులతో పెరిగే వామాకును ఇక్కడ దొడ్డపత్రె అంటారు; బెంగళూరు ఇళ్ళ ముంగిట తులసి తరువాత ఎక్కువగా కనిపించే మొక్కలలో అది ఒకటి. పొరుగువారిని అడిగితే నాలుగు ఆకులు కాదనరు. పిప్పళ్ళు, అతిమధురం వంటి మూలికలు కావాలంటే చిక్కపేట వంటి పాత పేటల్లో ‘గ్రంధిగె అంగడి’ ఎక్కడని అడగాలి.

జలుబు ఎందుకు వస్తుంది

వానలో తడిసినందువల్ల జలుబు వచ్చిందని అందరూ అంటారు. నిజానికి జలుబును కలిగించేవి వైరస్‌లు. వీటిలో రైనోవైరస్ ప్రధానమైనది. అందులోనే నూటికి పైగా రకాలున్నాయి. ఒక రకానికి శరీరం ఎదురు నిలవడం నేర్చుకున్నా మరొకటి కొత్తగా వచ్చి పడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు జలుబు చేయడం బలహీనతకు గుర్తు కాకపోవడానికి కారణం ఇదే. ఇంగ్లండులోని సాలిస్‌బరీలో 1946లో ప్రత్యేకంగా జలుబు పరిశోధనకే ఒక కేంద్రాన్ని నెలకొల్పి దాదాపు నలభై ఏళ్ళకు పైగా నడిపారు. అక్కడ కొందరిని తడిపి, తడి మేజోళ్ళతో చల్లగాలిలో నిలబెట్టి చూశారు. కేవలం చలి వల్ల వారికి జలుబు రాలేదు. వాన చేసే పని వేరు: మనుషులను తలుపులు మూసిన గదులలోకి, కిక్కిరిసిన బస్సులలోకి నెడుతుంది. అక్కడ ఒకరి తుమ్ము, ఒకరి చేతి తడి మరొకరికి చేరుతుంది. అందువల్ల గొడుగు కన్నా సబ్బు ఎక్కువ మేలు చేస్తుంది. ఒకే గదిలో నలుగురుండే చోట జలుబు చేసినవారి గ్లాసు, తువ్వాలు మొదటి మూడు నాలుగు రోజులైనా వేరుగా ఉంచడం అవసరం.

మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అన్న పాత పరిహాసం వైద్యపరంగా కూడా సరైనదే. జలుబు ఏడు నుండి పది రోజులలో దానంతట అదే పోతుంది. దగ్గు మరికొన్నాళ్ళు మిగలవచ్చు. ఏ కషాయమూ వైరస్‌ను చంపదు. కషాయం చేసేది ఆ పది రోజులను భరించదగినవిగా మార్చడం, అది చిన్న మేలేమీ కాదు.

కషాయం, చారు

శొంఠి లేని కషాయం లేదంటారు. రెండు గ్లాసుల నీటిలో దంచిన శొంఠి చిన్న ముక్క, ఎనిమిది పది మిరియాలు, ఒక చెంచా ధనియాలు, గుప్పెడు తులసి ఆకులు వేసి సన్నని సెగపై ఒక గ్లాసు అయ్యేదాకా కాచి, వడకట్టి, బెల్లం కలిపి గోరువెచ్చగా తాగాలి. కడుపులో మంట ఉన్నవారు మిరియాలు తగ్గించుకోవాలి, మధుమేహం ఉన్నవారు బెల్లం మానాలి. ఇందులో ఘాటు ఒక ఎత్తు అయితే వేడి ఒక ఎత్తు. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో జలుబు చేసిన 30 మందికి ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, గది వేడిమిలోనూ ఇచ్చి చూశారు. 2008లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం చల్లారిన పానీయం ముక్కు కారడాన్ని, దగ్గును, తుమ్ములను తగ్గించింది. వేడి పానీయం వీటితో పాటు గొంతునొప్పిని, వణుకును, అలసటను కూడా తగ్గించింది. పదార్థం ఒక్కటే, తేడా అంతా వేడిలోనే. అమ్మమ్మలు ‘వేడివేడిగా తాగు’ అని ఊరకే అనలేదు. అయితే నాలుక కాలేంత వేడి అక్కరలేదు.

మిరియాల చారు కూడా ఇదే పని చేస్తుంది. పైగా ఆకలి చచ్చిన నోటికి అన్నం దిగేలా చేస్తుంది. మాంసాహారులకు నాటుకోడి పులుసు ఉండనే ఉంది. కోడి సూపు వాపును కలిగించే తెల్లకణాల కదలికను కొంత తగ్గించినట్టు అమెరికాలోని నెబ్రాస్కాలో జరిగిన ప్రయోగం 2000లో చూపింది. అది ప్రయోగశాల ఫలితమే గాని మనుషులపై రుజువైనది కాదు. పాలు, పెరుగు కఫాన్ని పెంచుతాయన్న నమ్మకం మాత్రం పరీక్షకు నిలవలేదు. 1990లో ఆస్ట్రేలియాలో 60 మందికి జలుబు వైరస్‌ను ఎక్కించి గమనించినప్పుడు, పాలు తాగినవారికి కఫం అదనంగా పెరగలేదు. మెత్తని పెరుగన్నమే గొంతు దిగే పరిస్థితి ఉంటే దానిని మానిపించనవసరం లేదు.

పొయ్యి లేని పీజీ వసతులలో ఉండేవారికి ఈ నగరమే ఒక ఉపాయం చూపుతుంది. వీధి మలుపులలోని దర్శిని హోటళ్ళలో కాఫీ, టీలతో పాటు చాలాచోట్ల కషాయ దొరుకుతుంది. కర్ణాటకలో దీనిని పాలు, బెల్లం కలిపి చేసే అలవాటుంది. అంగళ్ళలో ‘కషాయద పుడి’ పేరుతో పొడిగానూ అమ్ముతారు. వేడినీళ్ళు కావాలంటే ‘బిసి నీరు’ అని అడిగితే చాలు.

గొంతునొప్పికి గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించడాన్ని మించిన చవకైన ఉపశమనం లేదు. రాత్రి దగ్గుకు తేనె మంచిది. 2007లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో రెండేళ్ళు దాటిన పిల్లలపై జరిగిన అధ్యయనంలో, పడుకునే ముందు తేనె పుచ్చుకున్నవారు ఏమీ పుచ్చుకోనివారి కంటే మెరుగ్గా నిద్రించారు.

ఆవిరి పట్టడం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఆవిరి ముక్కుకు హాయినిస్తుంది, జలుబు రోజులను మాత్రం తగ్గించదు. ఇరుకు గదులలో మరుగుతున్న గిన్నె తలకిందులై తొడలు, పొట్ట కాలడం దాని అసలు ప్రమాదం. గిన్నెను ఒళ్ళో గాని, మంచం మీద గాని పెట్టుకోరాదు. పొయ్యి మీది నుండి దించి, కదలని బల్లపై పెట్టి, పొగలు కాస్త తగ్గాక తల వంచాలి. పిల్లలకు ఈ పద్ధతి వద్దే వద్దు. వేడినీళ్ళతో పొగలు కమ్మిన స్నానపుగదిలో బిడ్డను ఎత్తుకుని కొద్దిసేపు కూర్చుంటే చాలు. ఇక తైలాలు, బామ్‌ల మాట. ఉపాధికై బొంబాయి చేరిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో అమృతాంజనాన్ని ప్రారంభించారు. ఊరు విడిచిన ఒక తెలుగువాని చేతి సరుకు నేటికీ వలస ఇళ్ళ అలమరలలో ఉంది. బామ్‌లలోని పిప్పర్‌మెంటు సత్తు చల్లదనాన్ని తెలిపే నరాలను తట్టి, ముక్కు తెరుచుకున్న భావన కలిగిస్తుంది. ముక్కు నిజంగా తెరుచుకోదు. నుదుటికి, ఛాతీకి పట్టించవచ్చు గాని ముక్కు రంధ్రాలలో రాయరాదు.

పసిపిల్లల విషయం

పెద్దలకు హాయినిచ్చే ఉపాయాలే పసివారికి అపాయం కావచ్చు. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి బొటులిజం అనే ప్రాణాంతక వ్యాధిని కలిగించవచ్చు. ముక్కులో నూనె చుక్కలు వేయడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారితే న్యుమోనియా వస్తుంది. రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం కలిసిన తైలాలు వద్దు; కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. తలంటి తరువాత వేసే సాంబ్రాణి పొగ, జలుబుతో ఉన్న బిడ్డకు ఊపిరిని మరింత భారం చేస్తుంది. తల్లిపాలు తరచుగా పట్టడం, మందుల దుకాణంలో దొరికే ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి తుడవడం, ఇవి చాలు.

దగ్గు సిరప్‌ల విషయంలో ఏ రాజీ కూడదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడా జిల్లాలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన సిరప్ తాగిన పలువురు చిన్నారులు మూత్రపిండాలు చెడి మరణించారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వరాదనీ, ఐదేళ్ళలోపు వారికి సాధారణంగా అవి తగవనీ ఆ అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ సూచించింది. పక్కింటి బిడ్డకు పనిచేసిన సీసా మన బిడ్డకు మందు కాదు.

దగ్గుతున్న బిడ్డకు చొక్కా పైకెత్తి, నిద్రలోనో నెమ్మదిగా ఉన్నప్పుడో, పూర్తి ఒక నిమిషం ఊపిరి లెక్కించాలి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాది వరకు 50, ఏడాది నుండి ఐదేళ్ళ వరకు 40, లేదా అంతకు మించితే అది జలుబు కాదు, న్యుమోనియా కావచ్చు. పక్కటెముకల కింద చర్మం లోపలికి లాగుకోవడం, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలమెక్కడం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగరాదు.

మందుల దుకాణం వద్ద

ఒళ్ళునొప్పులకు, జ్వరానికి పారాసెటమాల్ సరిపోతుంది. పెద్దలకు రోజుకు 4 గ్రాములు దాటరాదు. 650 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు వేసుకుంటేనే 3.9 గ్రాములవుతాయి. జలుబు మాత్రలనే పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో పారాసెటమాల్ ముందే కలిసి ఉంటుంది గనుక రెండూ కలిపి వేసుకుంటే కాలేయం దెబ్బతింటుంది. బ్రాందీలో మిరియం కలిపి తాగే అలవాటు ఆ ప్రమాదాన్ని పెంచుతుంది. కఫం పసుపుపచ్చగా మారగానే యాంటీబయాటిక్ అడగడం మరో పొరపాటు. రంగు మారడం శరీరపు పోరాటంలో భాగమే. యాంటీబయాటిక్ వైరస్‌పై పనిచేయదు. మాత్రల అట్టపై నిలువుగా ఎరుపు గీత ఉంటే వైద్యుని చీటీ లేనిదే వాడరాదని అర్థం. రెండు వందల రూపాయల యాంటీబయాటిక్ కంటే రెండు రోజుల విశ్రాంతి ఎక్కువ పని చేస్తుంది. రోజుకూలీకి ఆ విశ్రాంతి మాత్ర కన్నా ఖరీదైనదన్నది కాదనలేని నిజం. ఆ ఖరీదు భరించలేక పనికి పోయేవారు కనీసం ముక్కుకు గుడ్డ కట్టుకుని, మధ్యాహ్నం వేడి తిండి తినడం మేలు.

చలికి బొగ్గుల కుంపటిని గదిలోకి తెచ్చి తలుపులు మూసుకుని పడుకోవడం మాత్రం ఎంత జలుబులోనైనా చేయరానిది. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఏది జలుబు కాదో గుర్తించడం కూడా ఇంటి వైద్యంలో భాగమే. ముక్కు కారకుండానే ఒక్కసారిగా తీవ్ర జ్వరం, కళ్ళ వెనుక నొప్పి, కీళ్ళనొప్పులు వస్తే డెంగీని అనుమానించాలి. 2024 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం డెంగీని అంటువ్యాధిగా ప్రకటించింది. తుమ్ములు, ముక్కు దురద వారాల తరబడి సాగి జ్వరం లేకుంటే అది వయ్యారిభామ పుప్పొడి వంటివాటి వల్ల కలిగే ఎలర్జీ కావచ్చు. ఖాళీ స్థలాలలో పెరిగే ఆ కలుపును ఇక్కడ కాంగ్రెస్ గిడ అంటారు. దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించుకోవాలి. క్షయ పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. చికిత్స కాలంలో పోషణకై నెలకు వెయ్యి రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో జమ అవుతాయి.

వార్డులలోని నమ్మ క్లినిక్‌లలో చూపించుకోవడం, మందులు ఉచితం. ఫోనులో సలహాకు 104, అంబులెన్సుకు 108. కన్నడం రానివారు ఈ నాలుగు మాటలు గోడపై రాసి ఉంచుకోవచ్చు: ‘నెగడి ఆగిదె, ఐదు దినవాయితు’ (జలుబు చేసి ఐదు రోజులైంది), ‘కెమ్ము జాస్తి ఇదె’ (దగ్గు ఎక్కువగా ఉంది), ‘ఉసిరాడలు కష్ట ఆగుత్తిదె’ (ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉంది), ‘మగు హాలు కుడియుత్తిల్ల’ (బిడ్డ పాలు తాగడం లేదు). చివరి రెండింటిలో ఏది చెప్పవలసి వచ్చినా ముందుగా 108కే ఫోను చేయాలి.