గొంతులో చీముగడ్డ: పిల్లల విషయంలో ఆలస్యం వద్దు



గొంతునొప్పి రాని పిల్లలు ఉండరు. చలిగాలులు మొదలైతే మా ఓ.పి. ముందు బల్లల మీద కూర్చునే పిల్లల్లో చాలామంది ఆ బాధతోనే వస్తారు. ఎక్కువమందికి అది వైరస్ వల్ల వచ్చినదే, వారం లోపల తగ్గిపోతుంది. కాని ఎప్పుడైనా ఒక బిడ్డకు టాన్సిల్ పక్కన చీము చేరుతుంది. దానిని మామూలు గొంతునొప్పి అనుకొని ఇంట్లో ఉంచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఒక సాయంత్రం పదకొండేళ్ళ పాపను ఆటోలో తీసుకొని తల్లి వచ్చింది. వారం క్రితం గొంతునొప్పి వస్తే మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చి వేసిందట. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. "తగ్గింది కదా సిస్టర్, మిగిలినవి దాచిపెట్టాను" అన్నది. తరువాత జ్వరం మళ్ళీ వచ్చింది, ఈసారి నొప్పి కుడివైపు మాత్రమే. పాప ఉమ్మి కూడా మింగలేక రుమాలులోకి వదులుతోంది. పేరు అడిగితే నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకొని పలికినట్టు వచ్చింది మాట. నోరు రెండు వేళ్ళు పట్టేంత కూడా తెరవలేకపోయింది. టార్చి వేసి చూశాను. కొండనాలుక మధ్యలో లేదు, ఎడమవైపుకు ఒరిగి ఉన్నది. వెంటనే డాక్టరు గారికి కబురు పంపాను.

ఎందుకు ఇలా అవుతుంది?

టాన్సిల్‌ను ఒక పలుచని పొర సంచిలా చుట్టి ఉంటుంది. ఇన్‌ఫెక్షన్ ఆ పొరను దాటి, టాన్సిల్‌కూ గొంతు కండరానికీ మధ్యనున్న సందులోకి దిగితే మొదట వాపు, ఆ పైన చీము వస్తాయి. స్ట్రెప్టోకాకస్ క్రిములతో పాటు గాలి తగలనిచోట పెరిగే క్రిములు కూడా చేరతాయి, అందుకే నోటి నుండి దుర్వాసన వస్తుంది. పక్కనే దవడను కదిలించే కండరాలు ఉన్నందువల్ల అవి బిగుసుకొని నోరు తెరుచుకోదు. గొంతుకూ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళతాయి కనుక అదే వైపు చెవి కూడా పోటు పెడుతుంది. చెవిపోటు అనుకొని వెచ్చని నూనె పోసి తీసుకువచ్చిన తల్లులు ఉన్నారు. చెవిలో ఏమీ పోయకండి.

ఈ గడ్డ పదేళ్ళు దాటిన పిల్లల్లో, కౌమారంలో ఎక్కువ. ఐదేళ్ళ లోపు పిల్లల్లో చీము గొంతు వెనుక గోడలో చేరవచ్చు. అప్పుడు బిడ్డ మెడ తిప్పడు, పైకి చూడమంటే ఏడుస్తాడు. చిన్న పిల్లలు నొప్పి ఎక్కడో చెప్పలేరు కనుక మీరే గమనించాలి.

డాక్టరు గారు చాలావరకు కంటితో చూసే గుర్తిస్తారు. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్, చీము మెడలోకి దిగిందనుకుంటే సి.టి. స్కాన్ చేయిస్తారు. వాపు మాత్రమే ఉండి చీము కట్టకపోతే ఒక రోజు ఇంజక్షన్లు ఇచ్చి మళ్ళీ చూస్తారు.

ఒక జాగ్రత్త. గొంతులో బూడిదరంగు పొర కట్టి, మెడ వాచి ఉంటే అది కంఠసర్పి, అనగా డిఫ్తీరియా కావచ్చు. దానికి వైద్యం వేరు, విరుగుడు మందు గంటల మీద పడాలి. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ను పాతవాళ్ళు కోరంటి దవాఖానా అంటారు, ఆ వ్యాధికి అక్కడ చికిత్స ఉన్నది. 6, 10, 14 వారాల టీకాలు, ఒకటిన్నర ఏట, ఐదో ఏట, ఆ తరువాత 10, 16 ఏళ్ళకు వేసే బూస్టర్లు మానకండి. ఐదో ఏటిది చాలామంది మరిచిపోతున్నారు.

వైద్యం

చీము బయటికి రావాలి. మందులు ఒక్కటే చాలవు. పెద్ద పిల్లలకు గొంతు మొద్దుబారే మందు చల్లి సూదితో లాగుతారు, లేదా చిన్న గాటు పెడతారు. చిన్న పిల్లలకు ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇస్తారు. మెదడుకు వెళ్ళే పెద్ద రక్తనాళం అక్కడికి దగ్గరలోనే ఉంటుంది కనుక ఇది చేయి తిరిగిన వారు చేయవలసిన పని. ఆ పాపకు సిరంజితో చీము తీసిన గంటకే మంచినీళ్ళు అడిగింది. ఆ తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. తరువాత సెలైన్, యాంటీబయాటిక్ ఇంజక్షన్లు, ఇంటికి వెళ్ళాక మాత్రలు, అన్నీ కలిపి 10 నుండి 14 రోజులు. జ్వరం తగ్గినా మధ్యలో మానకూడదు.

ఇంట్లో కొందరు పెద్దలు కొండనాలుక దిగిందని వేలితో నొక్కుతారు, ఉప్పు, మిరియాల పొడి రుద్దుతారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మనదే! గడ్డ లోపల పగిలితే చీము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నొప్పికి పారసెటమాల్ చాలు, బిడ్డ బరువు కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకు ఒకసారి. ఆస్పిరిన్ వద్దు.

చొంగ కారుతున్నా, శ్వాసలో గురక శబ్దం వచ్చినా, బిడ్డ ముందుకు వంగి కూర్చొని ఊపిరి లాగుతున్నా గొంతులో చెంచా పెట్టి చూడవద్దు, పడుకోబెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి. లక్డీకాపూల్, నాంపల్లి వారికి రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ దగ్గరే, కోఠిలో ప్రభుత్వ ఈ.ఎన్.టి. ఆసుపత్రి ఉన్నది. మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక దారిలో ఏమీ తినిపించకండి, ఆఖరిసారి ఎప్పుడు తిన్నాడో గుర్తుపెట్టుకొని చెప్పండి.

"టాన్సిల్స్ తీసేయాలా సిస్టర్?" అని అందరూ అడుగుతారు. ఒక్కసారి గడ్డ వచ్చినంత మాత్రాన అందరికీ అవసరం లేదు. గడ్డ మళ్ళీ వచ్చినా, ఒకే ఏడాదిలో ఏడుసార్లు గొంతు పాడైనా, నిద్రలో ఊపిరి ఆగుతున్నట్టు గురకపెట్టినా ఈ.ఎన్.టి. డాక్టరు గారు ఆలోచిస్తారు. చీము తీసిన మరునాడు ఒకసారి, మందులు అయిపోయాక ఒకసారి తప్పక చూపించండి. వచ్చేటప్పుడు పాత చీటీలతో పాటు మిగిలిన మాత్రల అట్ట కూడా తెండి.