బ్యాటరీ పంపు రెగ్యులేటర్ ఎంత తిప్పాలి?

మందు డబ్బా మీద ఎకరాకు ఎంత అని రాసి ఉంటుంది. మన దగ్గర లెక్క మాత్రం ట్యాంకుకు ఎన్ని మూతలు అని నడుస్తుంది. ఈ రెండు లెక్కలూ కలవాలంటే మీ పంపు, మీ నడక కలిసి ఎకరాకు ఎన్ని ట్యాంకులు పోస్తున్నాయో ముందు తెలియాలి. చేతి పంపు కాలంలో అదంతా కొట్టే మనిషి చేతి ఊపును బట్టి ఉండేది. బ్యాటరీ పంపు వచ్చాక ట్యాంకుకు ఉండే చిన్న రెగ్యులేటర్ దగ్గరికి వచ్చింది వ్యవహారం. చాలామంది దాన్ని కొన్న రోజే చివరిదాకా తిప్పేసి మళ్లీ ముట్టుకోవడం లేదు. కలుపు మందు కొట్టేటప్పుడు ఇది డబ్బుకూ చేటే, పైరుకూ చేటే.

ముందుగా లోపల జరిగేది తెలుసుకోండి. ట్యాంకు అడుగున 12 వోల్టుల మోటారు, దానికి అతుక్కుని చిన్న డయాఫ్రం పంపు ఉంటాయి. రెగ్యులేటర్ తగ్గిస్తే మోటారు నెమ్మదిగా తిరిగి నీళ్లు తక్కువ తోస్తుంది, పెంచితే ఎక్కువ తోస్తుంది. పంపు తల దగ్గర ప్రెషర్ స్విచ్ అని ఇంకొకటి ఉంటుంది. మీరు ట్రిగ్గర్ వదలగానే పైపులో ఒత్తిడి పెరిగి, ఆ స్విచ్ మోటారును ఆపేస్తుంది. నాజిల్ రంధ్రం చిన్నదై రెగ్యులేటర్ పూర్తిగా తెరిచి ఉంటే, ట్రిగ్గర్ నొక్కి ఉన్నా ఒత్తిడి అంత పెరిగిపోతుంది. అప్పుడు మోటారు టక్, టక్ మని ఆగి ఆగి నడుస్తుంది. మందు ఒకచోట ఎక్కువ, రెండడుగుల అవతల తక్కువ పడుతుంది. పంపు చెడిపోయిందని దుకాణానికి మోసుకెళ్లే ముందు రెగ్యులేటర్ కాస్త తగ్గించి చూడండి. చాలాసార్లు జబ్బు అక్కడే ఉంటుంది.

మంచినీళ్లతో కొలత

బ్యాటరీని రాత్రంతా ఛార్జింగు పెట్టి, పొద్దున్నే ఈ పని పెట్టుకోండి. పాత మందు వాసన లేకుండా ట్యాంకు కడిగి మంచినీళ్లు పోయండి. కలుపు మందుకైతే విసనకర్రలా పరుచుకునే ఫ్లాట్ ఫ్యాన్ నాజిల్, పురుగు, తెగులు మందులకైతే గొట్టంలా గుండ్రంగా పడే హాలో కోన్ నాజిల్ బిగించుకోవాలి. రెగ్యులేటర్‌ను పూర్తిగా తగ్గించి ట్రిగ్గర్ నొక్కండి. ధార సరిగా విచ్చుకోకుండా కారుతున్నట్టు వస్తుంది. అక్కడి నుంచి నెమ్మదిగా పెంచుకుంటూ పోండి. విసనకర్ర నిండుగా విచ్చుకున్నచోట ఆగండి. ఇంకా పెంచితే నీరు పొగలా మారుతుంది. ఆ పొగే గాలికి గట్టు దాటి పక్క చేలో పడేది. ఆగినచోట రెగ్యులేటర్ మీద రంగుతోనో గోళ్ల రంగుతోనో చిన్న గీత పెట్టుకోండి.

ఇప్పుడు నడక. పది మీటర్ల తాడుతో పొడవూ వెడల్పూ కొలిచి నాలుగు పుల్లలు పాతండి. అది సుమారు రెండున్నర సెంట్లు, అంటే ఒక గుంట. మందు కొట్టబోయే చేలోనే కొలవాలి, కళ్లంలో నడిచిన నడక బురదలో రాదు. ట్యాంకును చదునైన చోట పెట్టి ఒక గుర్తు దాకా నీళ్లు నింపండి. నాజిల్‌ను నేలకు మోకాలెత్తున పట్టుకుని, అటూ ఇటూ ఊపకుండా, మీ మామూలు నడకతో ఆ గుంటంతా తడిపి రండి. మళ్లీ అదే చోట ట్యాంకును దించి, లీటరు సీసాతో గుర్తు దాకా నింపుతూ ఎన్ని సీసాలు పట్టాయో లెక్కపెట్టండి. ఆ లెక్కను 40తో గుణిస్తే ఎకరాకు ఎన్ని లీటర్లో తేలుతుంది.

ఐదు సీసాలు పట్టాయనుకుందాం. ఎకరాకు 200 లీటర్లు. మీది 16 లీటర్ల ట్యాంకైతే పన్నెండున్నర ట్యాంకులు. మందు ఎకరాకు లీటరు అని డబ్బా మీద ఉంటే ట్యాంకుకు 80 మిల్లీలీటర్లు పోయాలి. అదే 80 చొప్పున పోసుకుంటూ రెగ్యులేటర్ చివరిదాకా తిప్పి కొట్టారనుకోండి. గుంటకు ఏడు లీటర్లు పోతే ఎకరాకు 280 లీటర్లు, పదిహేడున్నర ట్యాంకులు. మందు లీటరు 400 మిల్లీలీటర్లు పడినట్టే. ఆ పైన పైరు పచ్చబడినా, ఎదుగుదల ఆగినా మందు నకిలీదని దుకాణదారుతో తగువు. ధార తగ్గి గుంటకు మూడు లీటర్లే పోతే పడేది 600 మిల్లీలీటర్లు. కలుపు వాడినట్టే వాడి మళ్లీ లేస్తుంది. మందు డబ్బులు పోయాక కూలీలను పెట్టి కలుపు తీయించుకోవాలి.

డబ్బా మీద ఎకరాకు 200 లీటర్ల నీళ్లని ఉండి, మీ కొలత బాగా తక్కువ వచ్చిందా? రెగ్యులేటర్‌ను గీత దాటించకండి. నడక తగ్గించండి, లేదా కాస్త పెద్ద రంధ్రం ఉన్న నాజిల్ మార్చి మళ్లీ కొలవండి. రెగ్యులేటర్‌తో సవరించుకునేది కొద్ది తేడానే.

ట్యాంకు కూలితో తంటా

మందు కొట్టే కూలి చాలా ఊళ్లలో ట్యాంకు లెక్కనే. ట్యాంకు ఎంత తొందరగా ఖాళీ అయితే వాళ్లకు అంత గిట్టుబాటు. వాళ్లను తప్పుపట్టడం కాదు గానీ, ఆ పద్ధతిలో రెగ్యులేటర్ ఎవరి చేతిలో ఉన్నా చివరిదాకా తిరుగుతుంది. ఎకరా లెక్కన మాట్లాడుకుని, గీత చూపించి, ఒక గుంట మీ ముందు కొట్టించుకుంటే ఇద్దరికీ పేచీ ఉండదు. దుకాణంలో కూడా ట్యాంకుకు ఎంత అని అడగకండి. ఎకరాకు ఎంత అని అడిగి తెలుసుకుని, ట్యాంకు లెక్క మీరే వేసుకోండి. దుకాణంలో కూర్చున్నాయనకు మీ నాజిల్ సంగతి, మీ నడక సంగతి ఎలా తెలుస్తాయి?

గీత పెట్టుకున్నాం కదా అని నిశ్చింతగా ఉండడానికి లేదు. బ్యాటరీ దిగే కొద్దీ అదే గీత దగ్గర ధార తగ్గుతుంది. విసనకర్ర ముడుచుకుంటోందంటే బ్యాటరీ అయిపోవచ్చిందని అర్థం. రెగ్యులేటర్ కొద్దిగా పెంచి ఆ ట్యాంకు ముగించి, ఆపి ఛార్జింగు పెట్టండి. ట్యాంకు మూతి దగ్గర జల్లెడ, పిడిలో ఉండే ఫిల్టర్ చెత్త పట్టినా ఇదే లక్షణం కనిపిస్తుంది కాబట్టి ముందు వాటిని కడిగి చూడండి. చెరువు నీళ్లయితే గుడ్డలో వడగట్టి పోయాలి. నాజిల్ మూసుకుపోతే పిన్నుతో, తీగతో పొడవకండి, రంధ్రం పెద్దదవుతుంది. నోటితో ఊదడం అసలే పనికిరాదు. పాత పళ్ల బ్రష్షుతో నీళ్లలో రుద్దితే చాలు. కొత్త నాజిల్ బిగించిన రోజు బకెట్లో ఒక నిమిషం పట్టి ఎంత వచ్చిందో రాసిపెట్టుకోండి. అదే గీత దగ్గర, నిండు ఛార్జింగుతో, అది లీటరుకు వంద మిల్లీలీటర్లకు మించి పెరిగిందంటే నాజిల్ అరిగినట్టే, మార్చేయండి.

2,4-డి కొట్టిన పంపును పత్తికి వాడకండి. అడుగున మిగిలిన కొద్దిపాటి మందుకే పత్తి ఆకులు వేళ్లలా చీలి ముడుచుకుంటాయి. గాలికి కొట్టుకొచ్చిన తుంపరకైనా అంతే, అందుకని పక్క చేలో పత్తి ఉంటే గాలి ఉన్నప్పుడు ఈ మందు జోలికి పోవద్దు. వీలైతే నలుగురు కలిసి కలుపు మందులకు వేరే పంపు ఉంచుకోండి. లేదంటే పని అయ్యాక ట్యాంకు, పైపు, నాజిల్ కనీసం మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు కాల్వలో, చెరువులో పోయకుండా మందు కొట్టిన చేలోనే చల్లండి. నీళ్లన్నీ అయ్యాక మోటారును ఊరికే తిరగనివ్వకండి.

పని లేని నెలల్లో బ్యాటరీని ఖాళీగా మూలన పడేస్తే మళ్లీ కోలుకోదు. నిండుగా ఛార్జింగు చేసి ఉంచి, నెలకోసారి మళ్లీ పెట్టండి.