వాంగ్ ఫే హంగ్: కుంగ్‌ఫూ వీరుడి వెనక ఒక ఎముకల వైద్యుడు

'డ్రంకెన్ మాస్టర్'లో జాకీ చాన్ వేసిన అల్లరి కుర్రాడు, 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ చైనా'లో జెట్ లీ వేసిన గంభీరమైన గురువు, ఇద్దరూ ఒకే మనిషి అంటే మా హాస్టల్లో చాలామంది నమ్మలేదు. ఆ మనిషి పేరు వాంగ్ ఫే హంగ్. కల్పిత పాత్ర కాదు, నిజంగా బతికినవాడే. చదివేకొద్దీ నాకు మాత్రం సినిమాలు చూపించిన విషయాల కంటే వదిలేసిన విషయాలే ఎక్కువ నచ్చాయి.

ఆయనది దక్షిణ చైనాలో గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలోని ఫోషాన్. పుట్టిన సంవత్సరం 1847 అని కొందరు, 1856 అని కొందరు రాస్తారు. తండ్రి వాంగ్ కే యింగ్, 'కాంటన్ పది పులులు' అని పేరుపడ్డ యోధుల్లో ఒకడు. కొడుకు నేర్చింది హంగ్ గార్ అనే పద్ధతి. గుర్రం మీద కూర్చున్నట్టు మోకాళ్లు వంచి నేలకి అతుక్కుని నిలబడటం, పులి పంజాలా, కొంగ ముక్కులా చేతులు కదపటం అందులో ముఖ్యం. సినిమాల్లో కనిపించే గాల్లో ఎగరడాలకీ దీనికీ పెద్దగా పోలిక లేదు.

అయితే ఆయన ఇంకో వృత్తి వైద్యం. గ్వాంగ్‌జౌలో 'పో చి లామ్' అనే వైద్యశాల నడిపాడు. విరిగిన ఎముకలు సరిచేయడం, బెణుకులకి మూలికల మందులు వేయడం అక్కడ పని. మన పుత్తూరు కట్టు గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది. కుస్తీ నేర్పే చోట దెబ్బలు తగలక మానవు కాబట్టి అప్పట్లో చాలామంది గురువులకి ఈ వైద్యం కూడా వచ్చేది. 1924లో గ్వాంగ్‌జౌలో వర్తకుల సాయుధ దళానికీ ప్రభుత్వానికీ జరిగిన ఘర్షణలో పో చి లామ్ కాలిపోయింది. మరుసటి ఏడాది ఆయన చనిపోయాడు.

అంటే ఆయన జీవితానికి కాగితాల మీద ఆధారాలు తక్కువ. ఆ ఖాళీని కథలు నింపేశాయి. ఆయన శిష్యుడు లామ్ సై వింగ్ దగ్గర నేర్చుకున్న ఝూ యూఝాయ్ అనే రచయిత గురువుగారి గురువు కథలు రాశాడు. వాటి ఊపుతో 1949లో హాంకాంగ్‌లో మొదటి సినిమా వచ్చింది. అందులో హీరో క్వాన్ తక్ హింగ్ తర్వాత ఇదే పాత్రని 70కి పైగా సినిమాల్లో వేశాడు! మన దగ్గర ఎన్టీఆర్‌ని చూస్తే కృష్ణుడే గుర్తొచ్చినట్టు, అక్కడ వాళ్లకి వాంగ్ అంటే క్వాన్ మొహమే. ఆయన వాంగ్ పెద్దమనిషి. ముందు నీతి చెప్తాడు, తప్పకపోతేనే కొడతాడు.

తర్వాత జరిగింది మన భాషలో చెప్పాలంటే ఫోర్క్. 1978లో దర్శకుడు యుయెన్ వూ పింగ్ ఆ పెద్దమనిషిని తీసుకెళ్లి తండ్రి మాట వినని ఆకతాయిని చేశాడు. 1991లో త్సుయ్ హార్క్ మళ్లీ మార్చాడు. హాంకాంగ్ ఇంకో ఆరేళ్లలో బ్రిటన్ చేతిలోంచి చైనా చేతికి వెళ్లబోతున్న రోజులవి. అందుకే ఆ సినిమాలో విదేశీ ఓడలు, తుపాకులు ఉంటాయి. 'ఇనుప కవచం' విద్య తెలిసిన యోధుడు తూటాలకి పడిపోయే సీన్ నా దృష్టిలో ఆ సినిమా మొత్తానికి ప్రాణం. కండబలం ఎంతున్నా ఆ కాలం గెలవనివ్వదు అని ఒక్క చావుతో చెప్పేశాడు.

అదే సినిమాలో ఒక హీరోయిన్ ఉంది. విదేశంలో చదువుకుని, కెమెరా పట్టుకుని తిరిగే 'పదమూడో పిన్ని'. రక్తసంబంధం లేదు, వరసకి మాత్రమే పిన్ని. (అయినా పిన్నితో ప్రేమ ఏంటని మన ఇళ్లలో రిమోట్ లాక్కోవడం ఖాయం.) ఈవిడ పూర్తిగా కల్పితం.

నిజంగా ఉన్నావిడ మోక్ క్వై లాన్, వాంగ్ నాలుగో భార్య. వాళ్లు కలిసిన తీరు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఆయన ప్రదర్శన ఇస్తుంటే కాలి చెప్పు ఊడి ఎగిరొచ్చి ఆమెకి తగిలిందట. ఆమె ఊరుకోకుండా వేదిక ఎక్కి అందరి ముందూ కడిగేసిందట. అది జరిగిందో లేదో గానీ, ఆమెకి యుద్ధవిద్య వచ్చన్నది నిజం. భర్త పోయాక హాంకాంగ్ వెళ్లి అక్కడ విద్య నేర్పింది, ఎముకల వైద్యం చేసింది. 1982 వరకు బతికింది. క్వాన్ వరసపెట్టి సినిమాలు చేస్తున్నప్పుడు అదే ఊళ్లో అసలు వాంగ్ దగ్గర నేర్చుకున్న మనిషి పిల్లలకి పాఠం చెప్తూ ఉందన్నమాట. ఆమె మీద ఒక సినిమా తీసినా బావుండేది. చెప్పు సీన్‌తో మొదలుపెడితే ఇంటర్వెల్ దాకా ఎవరూ లేవరు.

చూడాలనుకునేవాళ్లు 1991 సినిమాతో మొదలుపెట్టండి. ఆ తర్వాత 1994లో వచ్చిన 'డ్రంకెన్ మాస్టర్' రెండో భాగం చూడండి. అందులో నలభై ఏళ్ల జాకీ చాన్ కుర్రాడిలా ఎగురుతుంటే, సవతితల్లిగా వేసిన అనితా ముయ్ కామెడీలో ఆయన్నే మించిపోయింది.