హెడ్‌ఫోనులో సకారపు కరకుదనం - కారణాలు, నివారణ

విజ్ఞానశాస్త్రం మానవునికి ప్రసాదించిన సాధనాలలో ధ్వనిముద్రణ యంత్రం విశిష్టమైనది. 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ నిర్మించిన ఫోనోగ్రాఫు మనిషి గొంతును తిరిగి పలికించింది గాని, ఆ గొంతులోని సకారాన్ని మాత్రం సరిగా పలికించలేకపోయింది. ఆ ఒక్క ధ్వనిని రాబట్టడానికి ఎడిసన్ చాలాకాలం శ్రమించవలసి వచ్చింది. నేటి పరిస్థితి ఇందుకు పూర్తిగా విరుద్ధం. కంప్యూటరుకు హెడ్‌ఫోను తగిలించి పాఠమో, పద్యమో, గజలో వింటున్నప్పుడు, సకారం వచ్చిన ప్రతిచోటా చెవిలో సూది గుచ్చినట్లవుతున్నదని విద్యార్థులు తరచుగా చెప్పుకొంటున్నారు.

ఈ బాధకు చాలామంది ఎంచుకొనే ఉపాయాలు రెండు. ఒకటి, ఖరీదైన కొత్త హెడ్‌ఫోను కొనడం. రెండు, ట్రెబుల్ మీటను అడుగంటా దించివేయడం. మొదటిది డబ్బు దండుగ కావచ్చు. రెండవది మాటలోని అర్థానికే హాని చేయవచ్చు. దోషం ఎక్కడ పుట్టినదో ముందుగా తెలుసుకొని, అక్కడ మాత్రమే, కావలసినంత మేరకు మాత్రమే సవరించాలని ఈ వ్యాసంలో వివరించదలచాము.

ఊష్మాల స్వభావం

మన వ్యాకరణాలు శ, ష, స, హ అనే నాలుగు అక్షరాలను ఊష్మాలన్నాయి. వీటిలో శకారం తాలవ్యం, షకారం మూర్ధన్యం, సకారం దంత్యం. ఉర్దూ లిపిలో సే, సీన్, స్వాద్ అనే మూడు అక్షరాలున్నా, ఉర్దూ ఉచ్చారణలో మూడింటి ధ్వనీ సకారమే. షీన్ అనే అక్షరం శకారాన్ని పోలిన వేరొక ధ్వనికి గుర్తు.

అచ్చులను పలికేటప్పుడు స్వరతంత్రులు కంపిస్తాయి. సకారాన్ని పలికేటప్పుడు అవి కంపించవు. నాలుకకూ పై పళ్ల వెనుక భాగానికీ నడుమ ఏర్పడిన సన్నని సందులో నుండి గాలి వేగంగా వచ్చి, పళ్ల అంచులను తాకి సుడులు తిరుగుతుంది. ఆ అలజడియే సకారం. అందుచేత దానికి వీణ తీగకు ఉన్నట్లు ఒక నిర్దిష్టమైన శ్రుతి ఉండదు. ఒక విశాలమైన పట్టీలో దాని శక్తి పరచుకొని ఉంటుంది.

ఆరోగ్యవంతుడైన యువకుడు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం వరకు వినగలడని పాఠ్యగ్రంథాలలో చదువుకొన్నాము. అచ్చులను గుర్తించడానికి కావలసిన శక్తి చాలావరకు 3,000 హెర్ట్జ్‌ల లోపుననే ఉంటుంది. శకారపు బలం సుమారు 2,500 నుండి 5,000 వరకు, సకారపు బలం సుమారు 5,000 నుండి 9,000 వరకు ఉంటుంది. స్త్రీల, పిల్లల గొంతులలో ఇది మరికొంత పైకి జరుగుతుంది. పాతకాలపు టెలిఫోను 300 నుండి 3,400 హెర్ట్జ్‌ల వరకు గల ధ్వనులనే మోసేది. అందువల్లనే దానిలో "స" అన్నారో "ఫ" అన్నారో తెలియక మళ్లీ అడగవలసి వచ్చేది.

ఈ అంకెలు అర్థానికి ఎంత దగ్గరివో ఒక్క ఉదాహరణ చాలు. శకలమంటే ముక్క, సకలమంటే సమస్తం. ఉర్దూలో షేర్ అంటే సింహం. సేర్ అంటే పాతకాలపు తూకం. ఈ జంటలలో ఒక పదాన్ని మరొకదాని నుండి వేరుచేసే గుర్తులన్నీ మనం పైన చెప్పిన పట్టీలోనే ఉన్నాయి. దానిని పూర్తిగా అణచివేస్తే కరకుదనం పోతుంది. దానితోపాటు సకలమూ శకలమూ ఒకటైపోతాయి. రెండవ భాషగా తెలుగునో ఉర్దూనో నేర్చుకొంటున్న విద్యార్థికి ఈ నష్టం చిన్నది కాదు.

చెవి కూడా ఒక గొట్టమే

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ఒక కొన మూసిన గొట్టపు అనునాదాన్ని చదివిన వారికి ఈ భాగం సులభంగా బోధపడుతుంది. వెలుపలి చెవి నుండి కర్ణభేరి వరకు గల నాళం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని ఒక కొన తెరచి ఉంటుంది. రెండవ కొనను కర్ణభేరి మూసి ఉంటుంది. గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లనుకొంటే, ఆ వేగాన్ని నాళపు పొడవుకు నాలుగు రెట్లయిన 0.10 మీటర్లతో భాగించగా 3,430 హెర్ట్జ్‌లు వస్తుంది. కనుక ఆ ప్రాంతపు ధ్వనులను మన చెవి సహజంగానే పెద్దవి చేసి వింటుంది.

చెవిలోపలికి దూర్చుకొనే ఇయర్‌ఫోను పెట్టగానే ఈ లెక్క మారిపోతుంది. ఇప్పుడు నాళపు రెండు కొనలూ మూతపడ్డాయి. మిగిలిన పొడవు 2 సెంటీమీటర్లనుకొంటే, 343ను దానికి రెట్టింపైన 0.04తో భాగించాలి. ఫలితం సుమారు 8,600 హెర్ట్జ్‌లు. ఇది సకారపు పట్టీలోనే ఉన్నదని పాఠకులు గమనించే ఉంటారు. ఇయర్‌ఫోనును కొంచెం లోతుగా పెడితే గొట్టం పొట్టిదై, అనునాదం పైకి జరుగుతుంది. వెలికి లాగితే కిందికి దిగుతుంది. ఒకే ఇయర్‌ఫోను ఒకరికి ఇంపుగాను, మరొకరికి కరకుగాను వినిపించడానికి ఇదొక ముఖ్యకారణం.

దోషం పుట్టే చోట్లు

నోటి నుండి చెవికి వచ్చే దారిలో ధ్వని అనేక మజిలీలు దాటుతుంది. వానిలో నాలుగింటిని పరిశీలిద్దాము.

మొదటిది ధ్వనిముద్రణ. మైకును నోటికి సూటిగా, మరీ దగ్గరగా పెట్టి చదివితే సకారం అతిగా నమోదవుతుంది. పాత క్యాసెట్ల నుండి కంప్యూటరులోకి ఎక్కించిన పాటలలో మరొక చిక్కు ఉన్నది. 1968లో వచ్చిన డాల్బీ బీ పద్ధతిలో, టేపు చేసే బుసను తగ్గించడానికి మెల్లని హెచ్చు పౌనఃపున్య ధ్వనులను పెంచి ముద్రిస్తారు. వినిపించేటప్పుడు అంతే తగ్గిస్తారు. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు ఈ రెండవ పని మరచిపోతే ట్రెబుల్ పెరిగి, సకారం పదునెక్కుతుంది.

రెండవది ఫైలు. ఎంపీత్రీ వంటి పద్ధతులు చెవి పట్టించుకోదని భావించిన సమాచారాన్ని వదలివేసి ఫైలును చిన్నది చేస్తాయి. సెకనుకు 64 కిలోబిట్ల వంటి తక్కువ రేటులో సకారం పొడిగా కాక, నీళ్లలో కదలినట్లు అలుకుకొనిపోయి వినిపిస్తుంది. ఈ దోషాన్ని ఏ హెడ్‌ఫోనూ బాగుచేయజాలదు. మంచి ప్రతిని సంపాదించడమే మార్గం.

మూడవది కంప్యూటరు. ధ్వనిని "మెరుగుపరచడానికి" అనేక కంప్యూటర్లలో కొన్ని సదుపాయాలు ముందుగానే ఏర్పాటై ఉంటాయి. అవి చేసే మేలు కంటె కీడే తరచుగా ఎక్కువ. అంకెల రూపంలోని ధ్వనికి ఒక గరిష్ఠపు హద్దు ఉంటుంది. ఈక్వలైజరులో ఏదైనా పట్టీని పెంచి, మొత్తం స్థాయిని తగ్గించకపోతే, తరంగాల శిఖరాలు ఆ హద్దుకు తగిలి తెగిపోతాయి. అలా తెగిన శిఖరాల నుండి లేని ధ్వనులు కొత్తగా పుట్టి కరకుదనాన్ని పెంచుతాయి.

నాలుగవది హెడ్‌ఫోను, దానిని ధరించిన తీరు. చాలా హెడ్‌ఫోనులలో 6,000 నుండి 10,000 హెర్ట్జ్‌ల నడుమ ఎక్కడో ఒక చోట ధ్వని శిఖరంలా లేచి ఉంటుంది. పైగా మెత్తలు అరిగిపోయినా, కళ్లజోడు కాడవల్ల సందు ఏర్పడినా మంద్రధ్వనులు బయటికి జారిపోతాయి. మంద్రం తగ్గినప్పుడు తారం పెరిగినట్లే తోస్తుంది. అటువంటి చోట కొత్త మెత్తలు వేయడమే మందు.

పరీక్షా విధానం

ఒకసారి ఒక్క వస్తువును మాత్రమే మార్చి చూడాలి. ఇది ప్రయోగశాలలో నేర్చుకొన్న నియమమే. ముందుగా అదే హెడ్‌ఫోనుతో నాలుగైదు వేర్వేరు ముద్రణలను వినాలి. ఒక్కదానిలోనే బాధ ఉంటే దోషం ఆ ముద్రణది. అన్నింటిలోను ఉంటే, అదే ముద్రణను అదే కంప్యూటరుపై మరొక హెడ్‌ఫోనుతో వినాలి. బాధ పోయినట్లయితే దోషం మొదటి హెడ్‌ఫోనుదో, అది చెవికి అమరిన తీరుదో అవుతుంది. పోకపోతే, అదే హెడ్‌ఫోనును మరొక కంప్యూటరుకో ఫోనుకో తగిలించి చూడాలి. ఎన్ని మార్చినా ఒక్కరికి మాత్రమే బాధ కలుగుతూ, తోటివారికి లేకపోతే, పరీక్షించవలసినది యంత్రాన్ని కాదు, చెవిని.

సరిదిద్దే పద్ధతి

దోషం హెడ్‌ఫోనుదని తేలితే పైసా ఖర్చు లేకుండా చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. హెడ్‌ఫోనును చెవిపై కొంచెం ముందుకో వెనుకకో జరపాలి. ఇయర్‌ఫోనైతే లోతు మార్చి చూడాలి. రబ్బరు తొడుగుకు బదులు స్పాంజి తొడుగు వేస్తే హెచ్చు ధ్వనుల పదును కొంత తగ్గుతుంది.

అప్పటికీ తగ్గకపోతే ఈక్వలైజరును ఆశ్రయించాలి. విండోస్ కంప్యూటర్లకు ఈక్వలైజర్ ఏపీఓ అనేది, లినక్స్ కంప్యూటర్లకు ఈజీ ఎఫెక్ట్స్ అనేది ఉచితంగా లభిస్తాయి. వీనిలో ఒక వడపోతకు మూడు విలువలు ఇవ్వాలి: కేంద్ర పౌనఃపున్యం, ఎన్ని డెసిబెల్‌లు తగ్గించాలన్నది, క్యూ అనే సంఖ్య. కేంద్ర పౌనఃపున్యాన్ని క్యూతో భాగిస్తే పట్టీ వెడల్పు తెలుస్తుంది. ఉదాహరణకు 7,000ను 4తో భాగిస్తే 1,750 హెర్ట్జ్‌ల వెడల్పు గల పట్టీ వస్తుంది.

శబ్దాన్ని మెల్లగా ఉంచి, సకారాలు ఎక్కువగా ఉన్న ఒక పాఠాన్ని వినిపిస్తూ, 6 డెసిబెల్‌ల తగ్గింపు గల ఇటువంటి వడపోతను 4,000 నుండి 10,000 వరకు మెల్లమెల్లగా జరపాలి. ఒకచోట సకారం కరకుదనం విడిచి స్థిమితపడుతుంది. అదే మనం వెతుకుతున్న చోటు. కొందరు తగ్గించడానికి బదులు పెంచి వెతకాలంటారు. చెవి క్షేమం దృష్ట్యా మేము దానిని సమర్థించము. చోటు దొరికిన తరువాత తగ్గింపును 2 లేక 3 డెసిబెల్‌లకు తెచ్చి, అది చాలకపోతేనే పెంచాలి. 3 డెసిబెల్‌లు తగ్గిస్తే ఆ పట్టీ నడుమ శక్తి సగమవుతుందని గుర్తుంచుకొంటే, ఇది చిన్న సవరణ కాదని తెలుస్తుంది. చివరకు శకలం, సకలం అనే మాటలు వినిపించి రెండూ విడివిడిగా తెలుస్తున్నాయో లేదో సరిచూడాలి. ఆ తేడా మసకబారితే సవరణ మితిమీరినట్లే.

తీర్పు చెప్పేటప్పుడు సవరణ ఉన్నదీ లేనిదీ తెలియకుండా మిత్రుని చేత మీట మార్పించి వినడం ఉత్తమం. కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగున్నదని మనస్సు భ్రమపడుతుంది గనుక రెండింటి స్థాయినీ సమానంగా ఉంచాలి.

ఒక హెచ్చరిక

సకారం గుచ్చుకొంటున్నదంటే కొన్నిసార్లు అసలు కారణం మొత్తం శబ్దమే మితిమీరి ఉండడం. పంకా మోతలోను, పక్కవారి మాటలలోను పాఠం వినబడక మీటను పెంచుతాము. అచ్చులు తెలుస్తాయి, ఊష్మాలు పొడుస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలు 80 డెసిబెల్‌ల శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినరాదు. ప్రతి 3 డెసిబెల్‌ల పెరుగుదలకూ ఈ కాలం సగమవుతుంది: 83 వద్ద 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు మాత్రమే.

లోపలి చెవిలోని రోమకణాలు ఒకసారి నశిస్తే మనిషిలో తిరిగి మొలవవు. అధికశబ్దం వల్ల కలిగే వినికిడి లోపం సాధారణంగా 3,000 నుండి 6,000 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ముందుగా కనిపిస్తుంది. అనగా శబ్దాన్ని పెంచి విన్నవాడు మొదట పోగొట్టుకొనేది ఈ హల్లులనే. చెవులలో గంటల మోత నిలిచిపోయినా, నిన్నటి దాకా ఇంపుగా ఉన్న శబ్దం నేడు భరింపరానిదైనా, ఈక్వలైజరును విడిచి వైద్యుని వద్దకు వెళ్లాలి.

మనవి

విద్యార్థులు పాఠాలను చదివి ముద్రించేటప్పుడు మైకును నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచినట్లయితే ఈ వ్యాసంలోని చికిత్సలో సగభాగం అక్కరలేకపోతుంది. కళాశాల కార్యవర్గంవారికి మా మనవి మూడు మాటలలో చెప్పవచ్చు. కంప్యూటరు గదిలోని హెడ్‌ఫోనులకు అరిగిన మెత్తలు ఏటా మార్పించాలి. మన అధ్యాపకులు ఉర్దూలోను, తెలుగులోను చదివిన ఒక శుభ్రమైన ముద్రణను పరీక్ష కొరకు ప్రతి కంప్యూటరులోను ఉంచాలి. శబ్దపు గరిష్ఠస్థాయికి హద్దు ఏర్పరచాలి. ఇందుకయ్యే వ్యయం ఒక మంచి హెడ్‌ఫోను ధరకు మించకపోవచ్చు. దానివల్ల దక్కేవి రెండు భాషల స్ఫుటత్వం, వందలాది విద్యార్థుల వినికిడి.